మెరుపు పంపెడి వార్త

వైశాఖమాసము. పగలెల్ల ఎండ నిప్పులు చెరిగినది. ప్రొద్దు వాలిన పిమ్మట పంచాయతీ కార్యాలయపు అరుగు మీద పది పదునైదు మంది రైతులు చేరిరి. రేడియోలో పాట ముగిసి, వాతావరణ సూచన మొదలయ్యెను. కళ్ళములలో మిరపకాయలు ఆరబోసి యున్నవి. ఒక్క జల్లు కురిసినను కాయ రంగు మారును, ధర పడిపోవును. కావున అందరును మాటలు మాని చెవి యొగ్గిరి. "రానున్న ఇరువది నాలుగు గంటలలో కోస్తా జిల్లాల యందు..." అని ఒక గంభీరమైన కంఠము పలికెను. అంతలో ఫటఫటమని, గరగరమని పెద్ద మ్రోత! తరువాతి మాట ఎవరికిని వినబడలేదు. ఒకరు రేడియో మీట త్రిప్పి చూచిరి. మరియొకరు పెట్టె నెత్తిపై చరచిరి. మ్రోత తగ్గలేదు. "పెట్టె పాడైనది" అని పెద్దలు తేల్చి, ఎవరి యిండ్లకు వారు బయలుదేరిరి.

అరుగు చివర కూర్చున్న ఒక బాలుడు మాత్రము కదలలేదు. పడమటి దిక్కున, చాల దూరమున, నేల అంచున సన్నని మెరుపు మెరయుచుండెను. మెరుపు మెరిసిన ప్రతిసారియు రేడియోలో 'ఫట్' అను చప్పుడు వచ్చుచుండెను. ఉరుము మాత్రము వినబడుట లేదు. బాలుడు తండ్రితో ఆ మాట చెప్పెను. తండ్రి నవ్వి యూరకొనలేదు. కళ్ళమునకు పోయి కాయను కుప్పచేసి తాటాకు చాపలు కప్పెను. రెండు గంటలు గడువక మునుపే గాలి దుమారము లేచినది. వాన కుండపోతగా కురిసినది.

1960 ప్రాంతమున తెలుగు పల్లెలలో ఇట్టి సాయంకాలములు అరుదు కావు. ఆ దినము రేడియో నిజముగా పాడు కాలేదు. అది తనకు వచ్చిన దానిని వచ్చినట్లే వినిపించినది. దానికి రెండు చోట్ల నుండి వార్తలు అందినవి. ఒకటి ఆకాశవాణి కేంద్రము పంపినది. రెండవది దూరమున కమ్ముచున్న కారుమబ్బు పంపినది. మొదటి వార్త యొక్క భాష అందరికిని తెలిసినదే. రెండవ వార్త యొక్క భాషను తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకు అనేక సంవత్సరములు పట్టినది.

మెరుపు విద్యుత్తే యని 1752లో రుజువైనది. అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ సూచించిన పద్ధతి ననుసరించి ఆ యేడు మే నెలలో ఫ్రాన్సు దేశమున ఎత్తైన ఇనుప కడ్డీని నిలిపి, ఉరుముల మబ్బు క్రింద దాని నుండి విద్యుత్ రవ్వలను రాబట్టిరి. ఉరుముల మబ్బులో గాలి మిక్కిలి వేగముగా పైకి ఎగయుచుండును. ఆ గాలిలో సన్నని మంచు పలుకులును, బరువైన మంచు గడ్డలును ఒకదానితో నొకటి తాకుచు రాసుకొనుచు ఉండును. ఆ రాపిడి వలన వాటికి విద్యుదావేశము కలుగును. తేలికయైన పలుకులు సాధారణముగా ధనావేశముతో మబ్బు పైభాగమునకు చేరును. బరువైనవి ఋణావేశముతో నడుమను క్రిందను నిలుచును. గాలి విద్యుత్తును సులభముగా పోనీయదు. కాని ఆవేశములు మితిమీరి పేరుకొన్నప్పుడు గాలి ఆ ఒత్తిడికి ఆగలేదు. అప్పుడు విద్యుత్తు త్రోవ చేసికొని ఒక్కుమ్మడిగా ప్రవహించును. అదియే మెరుపు. మబ్బు నుండి నేలకు దిగినచో దానినే పిడుగందురు.

ఇంటిలోని విద్యుత్ పంకాకు అర ఆంపియరు ప్రవాహము కూడ అక్కరలేదు. పిడుగులోని ప్రవాహమో, సాధారణముగా 30,000 ఆంపియర్ల వరకు పోవును. అది పోవు సన్నని త్రోవలో గాలి ఒక్క క్షణమున సుమారు 30,000 డిగ్రీల వేడి నందును. సూర్యుని ఉపరితలపు వేడికి అది ఐదు రెట్లు. వేడెక్కిన గాలి ఒక్కసారిగా వ్యాకోచించుట చేతనే ఉరుము పుట్టును. ఈ విధముగా మెరుపు కంటికి వెలుగును, చెవికి ఉరుమును పంపుచున్నది. ఇవి గాక అది మరియొక దానిని కూడ పంపుచున్నది. దానిని గ్రహించుటకు మనుష్యునకు ఏ ఇంద్రియమును లేదు. అవే విద్యుదయస్కాంత తరంగములు.

నిశ్చలమైన చెరువులో రాయి వేసినచో అలలు వలయములుగా గట్టు వరకు వ్యాపించును. తీగలో విద్యుత్తు నిలకడగా ప్రవహించినంత కాలము చుట్టును అలలు పుట్టవు. ప్రవాహము ఆకస్మికముగా పెరిగినను తరిగినను చుట్టునున్న విద్యుత్ క్షేత్రమును అయస్కాంత క్షేత్రమును కంపించును. ఆ కంపనము అలలవలె నలుదిక్కులకు సాగిపోవును. నీటి అలకు నీరు కావలయును. ఈ అలలకు నీరును అక్కరలేదు, గాలియు నక్కరలేదు. శూన్యమున సైతము అవి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగముతో పోవును. ఇట్టి తరంగములు ఉండవలయునని జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ అను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు 1865లో గణితము మూలమున నిరూపించెను. వెలుగు కూడ ఇట్టి తరంగమే యని ఆయన తెలిపెను. అవి నిజముగా ఉన్నవని 1887, 1888 సంవత్సరములలో జర్మనీ దేశీయుడైన హైన్రిష్ హెర్ట్జ్ ప్రయోగశాలలో చూపెను. ఆయన చేసిన పని చిత్రమైనది. రెండు లోహపు గుండ్ల నడుమ విద్యుత్ రవ్వను పుట్టించెను. కొంత దూరమున నున్న తీగ వలయపు సందులో, దేనితోను కలుపకయే, మరియొక చిన్న రవ్వ మెరిసెను. హెర్ట్జ్ రవ్వ ఒక చిన్న మెరుపు; ఆకాశమున మెరుపు ఒక మహా రవ్వ. చిన్న రవ్వ గదిలోని వలయమును కదలించినచో, ఆ మహా రవ్వ ఒక రాష్ట్రములోని రేడియోల నన్నిటిని కదలించుటలో వింత యేమున్నది?

బాలుడు చూచిన దానికి ఇచటనే సమాధానము దొరకుచున్నది. వెలుగును, రేడియో తరంగమును ఒకే వేగముతో వచ్చును. కావున మెరుపును, రేడియోలోని 'ఫట్' చప్పుడును ఒక్కసారియే తెలియును. ధ్వని మాత్రము కిలోమీటరు దూరము వచ్చుటకు సుమారు 3 సెకనులు పట్టును. మెరిసిన తరువాత 15 సెకనులకు ఉరిమినచో మెరుపు 5 కిలోమీటర్ల దూరమున ఉన్నదని లెక్క. ఇరువది కిలోమీటర్లు దాటినచో ఉరుము వినబడుట అరుదు. రేడియో తరంగమునకు అట్టి అలసట లేదు. వందల కిలోమీటర్ల దూరపు మెరుపులు సైతము రేడియోలో చప్పుడు చేయగలవు.

ఆకాశవాణి కేంద్రము ఒకే పౌనఃపున్యముతో తరంగములను పంపును. 1948 డిసెంబరులో ప్రారంభమైన విజయవాడ కేంద్రమునకు 837 కిలోహెర్ట్జ్ అని చాలకాలము పేరు. అనగా సెకనుకు 8 లక్షల 37 వేల కంపనములు. మీట త్రిప్పి రేడియోను ఆ సంఖ్యకు సరిచేసినచో, అది ఆ తరంగమును మాత్రమే గ్రహించి తక్కిన వాటిని విడిచిపెట్టును. మరి ఆ వడపోతను దాటి మెరుపు ఎట్లు లోనికి వచ్చుచున్నది? వేణువు మీద ఒక స్వరము పలికించినచో ఆ స్వరమే వినబడును. వంటయింటిలో ఇత్తడి పాత్రల దొంతర కూలినచో వచ్చు చప్పుడులో ఏ స్వరము లేదు? హెచ్చుస్వరములు, తగ్గుస్వరములు అన్నియు కలగలిసి యుండును. ఆకాశవాణి తరంగము వేణువు వంటిది; మెరుపు కూలిన పాత్రల వంటిది. దాని బలము 5 నుండి 10 కిలోహెర్ట్జ్‌ల ప్రాంతమున మిక్కిలి ఎక్కువ. పౌనఃపున్యము పెరిగిన కొలది అది తగ్గుచు పోవునే కాని, ఒక్కచోట తెగిపోదు. రేడియోను ఏ సంఖ్యకు త్రిప్పినను ఆ సంఖ్యలో మెరుపునకు కొంత భాగము ఉండనే యుండును.

ఇంకొక కారణము కూడ కలదు. మధ్యతరంగములపై మాటను పంపునప్పుడు తరంగముల ఎత్తును మాటకు తగినట్లు పెంచుచు తగ్గించుచుందురు. రేడియో ఆ హెచ్చుతగ్గులను తిరిగి మాటగా మార్చును. మెరుపు తరంగము వచ్చి కలిసినచో ఎత్తు ఒక్కసారిగా పెరుగును. అది మాట వలన కలిగిన పెరుగుదలయో, మెరుపు వలన కలిగినదో తెలిసికొను శక్తి రేడియోకు లేదు. అందుచేత మెరుపును కూడ మాటగానే భావించి బిగ్గరగా చదివివేయును. రాత్రివేళ ఈ బాధ మరింత హెచ్చు. భూమికి చాల ఎత్తున విద్యుదావేశము గల గాలిపొరలు ఉన్నవి. వాటికి అయనావరణమని పేరు. పగలు ఎండ వలన ఏర్పడు అడుగుపొర మధ్యతరంగములను మ్రింగివేయును. ప్రొద్దు క్రుంకగానే ఆ పొర అణగిపోవును. అప్పుడు పైపొరలు తరంగములను అద్దమువలె క్రిందికి మరలించును. దూరపు స్టేషనులు వచ్చుటకును, దూరపు ఉరుముల మబ్బుల మ్రోత వచ్చుటకును కారణము ఒక్కటే. ఉష్ణమండల దేశములలో ఉరుములు మెరుపులు అధికము. కావుననే ఆ దేశముల ప్రసారములకై మెరుపు బాధ కొంత తక్కువగా నుండు హ్రస్వతరంగములలో కొన్ని భాగములను ప్రత్యేకించిరి. వాటిని ఉష్ణమండల బ్యాండ్లు అనిరి.

ఈ చప్పుడు వినువారికి విసుగు పుట్టించునది. కాని దానిని తొలగించు ఉపాయమును వెదకుటకు మునుపే, దానిని చెవియొగ్గి వినిన వారు కొందరు గలరు. వారి చరిత్ర తెలిసికొనదగినది.

రష్యా దేశమున క్రోన్‌స్టాట్ అను రేవులో నౌకాదళమునకు చెందిన పాఠశాల యొకటి యుండెను. అందు అలెగ్జాండర్ పొపోవ్ అను ఉపాధ్యాయుడు భౌతికశాస్త్రము బోధించుచుండెను. ఒక గాజుగొట్టములో లోహపు రజను పోసినచో సామాన్యముగా దాని గుండ విద్యుత్తు సరిగా పోదు. విద్యుదయస్కాంత తరంగము తాకగానే రజను కలిసికొని త్రోవ ఇచ్చును. గొట్టమును తట్టినచో మరల విడిపోవును. ఈ సంగతి అప్పటికే తెలిసియున్నది. పొపోవ్ ఆ గొట్టమునకు ఒక విద్యుత్ గంటను జోడించెను. తరంగము రాగానే గంట మ్రోగును. గంటను కొట్టిన సుత్తియే వెనుకకు వచ్చి గొట్టమును తట్టును. వెంటనే గొట్టము రెండవ తరంగమునకు సిద్ధమగును. ఎత్తైన తీగ నొకదానిని కట్టినచో దూరపు తరంగములు కూడ అందుచున్నవని ఆయన చూచెను. 1895 మే 7వ తేదీన సెంట్ పీటర్స్‌బర్గు నగరమున శాస్త్రజ్ఞుల సభలో ఆ పరికరమును ప్రదర్శించెను. ఆ వేసవియందే దానిని ఆ నగరములోని అటవీ విద్యాలయపు వాతావరణ పరిశోధనశాలలో నెలకొల్పిరి. మెరుపు మెరిసినప్పుడెల్ల కాగితముపై గీత పడునట్లు అమర్చిరి. సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్న ఉరుముల మబ్బును సైతము అది ముందుగా తెలిపెను. మానవుడు తీగలు లేకుండ సందేశములు పంపుట ఇంకను నేర్చుకొనుచున్న దినములవి. అప్పటికే ఆ పరికరము ఆకాశము పంపు సందేశములను వ్రాసికొనుచుండెను.

మేఘముల మాట వినుటకు సాయపడిన విద్యయే కొలదికాలమునకు మనుష్యుల ప్రాణములను కాపాడినది. 1899 నవంబరులో ఒక రష్యా యుద్ధనౌక ఫిన్లాండు సింధుశాఖలోని హోగ్లండు ద్వీపము వద్ద రాళ్ళపై చిక్కుకొనెను. సముద్రము గడ్డకట్టినది. తంతి తీగ వేయుటకు వీలులేదు. ద్వీపమునకును అవతలి గట్టుకును నడుమ 40 కిలోమీటర్లకు పైబడిన దూరమున పొపోవ్‌యు ఆయన సహచరులును తీగలేని తంతిని నెలకొల్పిరి. 1900 ఫిబ్రవరి 6వ తేదీన గట్టు నుండి ద్వీపమునకు ఒక వార్త వచ్చెను. అది నౌకను గూర్చినది కాదు. పలువురు జాలరులు ఒక మంచుపలక విరిగి సముద్రములోనికి కొట్టుకొనిపోవుచున్నారని ఆ వార్త. ద్వీపము వద్ద నున్న యెర్మాక్ అను మంచు చీల్చు ఓడ వెంటనే బయలుదేరి వారిని రక్షించెను.

పొపోవ్ యంత్రము మెరుపు మెరిసెనని చెప్పగలదు. ఏ దిక్కున మెరిసెనో చెప్పజాలదు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకినవాడు రాబర్ట్ వాట్సన్ వాట్ అను స్కాట్లండు యువకుడు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, 1915లో, ఆయన బ్రిటిష్ వాతావరణ శాఖలో చేరెను. ఆనాటి విమానములు కొయ్యతోను గుడ్డతోను కట్టినవి. ఉరుముల మబ్బులో చిక్కిన విమానికుడు బ్రతికి బయటపడుట దుర్లభము. మబ్బు ఎచట నున్నదో ముందుగా తెలిపినచో వారి ప్రాణములు నిలుచును. తీగను చట్రమునకు చుట్టి త్రిప్పినచో తరంగము ఏ దిక్కు నుండి వచ్చుచున్నదో కనుగొనవచ్చును. దూరదూరముగా నున్న రెండు కేంద్రములు పటముపై తమ తమ దిక్కులను గీతలుగా గీసినచో, ఆ గీతలు కలియు చోటనే మబ్బు ఉండవలయును. ఉపాయము బాగున్నది. కాని చిక్కొకటి వచ్చినది. మెరుపు తరంగము సెకనులో వెయ్యవ వంతు కాలము నిలుచుట కష్టము. చట్రమును త్రిప్పునంతలో అది రావటము, పోవటము కూడ జరిగిపోవును.

వాట్సన్ వాట్ నిరాశ చెందలేదు. త్రిప్పవలసిన పనియే లేకుండ రెండు చట్రములను అడ్డముగా నిలిపెను. ఒకటి ఉత్తర దక్షిణములకు, ఒకటి తూర్పు పడమరలకు. వాటిని 1923 ప్రాంతమున ఎలక్ట్రానుల తెరగొట్టమునకు కలిపెను. మెరుపు మెరిసిన క్షణముననే ఆ తెరపై వెలుగు గీత యొకటి మెరుపు దిక్కునకు చూపుడు వ్రేలివలె నిలుచును. క్షణములో మాయమగు దానిని తెరపై చూచి కొలుచు ఈ నేర్పు వృథా కాలేదు. 1935 ఫిబ్రవరి 26వ తేదీన ఆయనయు, ఆయన సహాయకుడైన ఆర్నాల్డ్ విల్కిన్స్‌యు డావెంట్రీ అను ఊరి సమీపమున ఒక ప్రయోగము చేసిరి. ఎగురుచున్న విమానమును తాకి మరలివచ్చిన రేడియో తరంగములు వారి తెరపై కనబడినవి. బ్రిటన్ దేశమున రాడార్ ఈ విధముగా పుట్టినది. 1940లో ఆ దేశముపై శత్రు విమానములు దండెత్తినప్పుడు వాటి రాకను ముందుగా తెలిపినది ఆ రాడారే.

అట్లాంటిక్ సముద్రమున కావలి యొడ్డున మరియొక యువకుడు ఈ చప్పుడునే వినుచుండెను. అతని పేరు కార్ల్ జాన్‌స్కీ. 1927లో న్యూయార్కు, లండను నగరముల నడుమ రేడియో టెలిఫోను ఏర్పడినది. మూడు నిమిషములు మాటలాడుటకు 75 డాలర్లు. అంత సొమ్ము చెల్లించిన వారికి మాటకు బదులు గరగర వినబడినచో ఓర్తురా? ఆ చప్పుడు ఎచట నుండి వచ్చుచున్నదో కనుగొనుమని బెల్ టెలిఫోను ప్రయోగశాల వారు జాన్‌స్కీకి పని అప్పగించిరి. న్యూజెర్సీలోని హోమ్‌డెల్ అను చోట ఒక పొలములో ఆయన సుమారు 30 మీటర్ల పొడవైన ఏరియల్‌ను కట్టెను. దానిని పాత ఫోర్డు కారు చక్రములపై నిలిపి, 20 నిమిషములకు ఒకసారి తిరుగునట్లు అమర్చెను. చూచినవారు దానిని రంకులరాట్నమని ఎగతాళి చేసిరి.

1931 నుండి జాన్‌స్కీ ఓపికతో విని వ్రాసికొనెను. చప్పుడులు మూడు విధములని తేలినది. మొదటిది సమీపమున నున్న ఉరుముల మబ్బులది. రెండవది అయనావరణమున మరలివచ్చెడి దూరపు మబ్బులది. మూడవది సన్నని, ఎడతెగని బుసవంటి ధ్వని. అది ఏ మబ్బునకు సంబంధించినదియు కాదు. మొదట అది సూర్యుని వెంట తిరుగుచున్నట్లు తోచినది. ఇతరులు ఆ మాటతో తృప్తిపడి యుందురు. జాన్‌స్కీ ఏడాది పొడవునను లెక్కలు వ్రాసెను. ఆ ధ్వని దినమునకు 4 నిమిషములు ముందుగా వచ్చుచు, సూర్యునికి మెల్లమెల్లగా దూరమైనది. 24 గంటలకు కాక 23 గంటల 56 నిమిషములకు ఒకసారి తిరిగి వచ్చునవి నక్షత్రములే. ధనూరాశి వైపున, పాలపుంత నడిబొడ్డు నుండి ఆ ధ్వని వచ్చుచున్నదని 1933లో ఆయన లోకమునకు తెలిపెను. టెలిఫోను చప్పుడును పోగొట్ట బోయినవాడు నక్షత్రలోకపు ధ్వనిని వినెను! రేడియో ఖగోళశాస్త్రమునకు అది నాంది. జాన్‌స్కీ 1950లో, 44 సంవత్సరముల వయస్సున మరణించెను. ఆ శాస్త్రమున తరంగబలమును కొలుచు ప్రమాణమునకు నేడు ఆయన పేరే పెట్టియున్నారు.

మెరుపు ధ్వనులలో ఈలలు కూడ కలవు. మొదటి ప్రపంచ యుద్ధమున శత్రువుల టెలిఫోనులను పొంచి వినుచున్న జర్మనీ శాస్త్రజ్ఞుడు బార్క్‌హౌజెన్, హెచ్చుస్వరము నుండి తగ్గుస్వరమునకు జారు ఈలలను వినెను. వాటి రహస్యమును 1953లో ఇంగ్లండునకు చెందిన ఎల్. ఆర్. ఓ. స్టోరీ వివరించెను. మెరుపు తరంగములలో కొంత భాగము భూమి అయస్కాంత రేఖల వెంట వేల కిలోమీటర్ల ఎత్తునకు పోయి, అవతలి అర్ధగోళమున దిగును. ఆ త్రోవలో హెచ్చు పౌనఃపున్యములు ముందుగాను, తక్కువవి వెనుకగాను చేరును. అందుచేతనే ఈల జారినట్లు వినబడును.

చప్పుడును పోగొట్టు మార్గము కూడ దొరకకపోలేదు. అమెరికా ఇంజనీరు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ తరంగపు ఎత్తును విడిచి, దాని పౌనఃపున్యములో మాటను ఇముడ్చు పద్ధతికి 1933లో పేటెంటు పొందెను. ఇట్టి రేడియో తరంగపు ఎత్తును లెక్కింపదు. మెరుపు పెంచిన ఎత్తును కత్తిరించి పారవేయును. పైగా ఈ ప్రసారములు నడచు మిక్కిలి హెచ్చు పౌనఃపున్యములలో మెరుపు బలము స్వల్పము. ఇదియే ఎఫ్. ఎమ్. రేడియో. మన దేశమున 1977లో మద్రాసులో అది ఆరంభమైనది. ఉరుములు మెరుపుల నడుమను నేడు ఎఫ్. ఎమ్.లో పాట స్వచ్ఛముగా వినబడుటకు కారణమిదియే.

అయినను మెరుపు మాట వినవలసిన అవసరము తీరలేదు. ఇటీవలి సంవత్సరములలో భారతదేశమున ఏటేట రెండు వేలమందికి పైగా పిడుగుపాటుకు బలియగుచున్నారు. వారిలో ఎక్కువమంది పొలములలో పనిచేయువారు, పశువులు గొర్రెలు మేపువారు. తెలుగు నాటను ప్రతి వేసవి చివర ఇట్టి వార్తలు వచ్చుచునే యున్నవి. అందుచేత పూణె నగరములోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ దేశమంతట మెరుపు తరంగములను పట్టు కేంద్రములను నెలకొల్పినది. తరంగము సెకనులో పదిలక్షవ వంతున 300 మీటర్లు పోవును. కావున అది దగ్గరి కేంద్రమునకు ముందుగాను, దూరపు కేంద్రమునకు వెనుకగాను చేరును. ఆ సూక్ష్మమైన తేడాను గడియారములు గుర్తించును. యంత్రగణకము మెరుపు చోటును లెక్కకట్టును. ఆ సమాచారము 'దామిని' అను పేరుతో చేతిలోని సెల్‌ఫోనునకు చేరును. పొపోవ్ గంట చేసిన పనియు, వాట్సన్ వాట్ గీతలు చేసిన పనియు ఇందు కలిసియున్నవి.

వార్త అందినంత మాత్రమున చాలదు. దానిని పాటింపవలయును. ఉరుము వినబడిన వెంటనే చెట్టు నీడను విడిచి, గట్టి కట్టడములోనికి పోవలయును. చెరువునందును, బట్టబయలునందును నిలువరాదు. తుది ఉరుము వినబడిన పిమ్మట 30 నిమిషములు బయటికి రాకుండుట మేలు. ఇంటి కప్పుమీద ఏరియల్ కట్టిన రేడియో ఉన్నచో, వాన రాకమునుపే తీగను ఊడదీయవలయును. ఉరుములు మొదలైన తరువాత దానిని తాకరాదు.

బ్యాటరీతో నడచు పాత మధ్యతరంగ రేడియో ఏ ఇంటనైన ఉన్నచో, వేసవి సాయంకాలమున ఇంటిలోపల కూర్చుండి దానిని స్టేషను లేని చోటికి త్రిప్పి వినవచ్చును. చప్పుడులు అరుదుగా వచ్చినచో మబ్బు దూరము. అవి క్రమముగా దగ్గరపడి బిగ్గరైనచో మబ్బు ఇటువైపు వచ్చుచున్నదని తలపవచ్చును. ఆ మాట విని తండ్రి కళ్ళములోని కాయను కప్పుకొనెను. కుమారుడు చూచినది చిన్న సంగతి. కాని పదిమంది విసుగుకొని లేచిపోయిన చోట అతడు కూర్చుండి గమనించెను. క్రోన్‌స్టాట్ ఉపాధ్యాయుడును, హోమ్‌డెల్ యువకుడును చేసిన పని కూడ అదియే.

ప్రశ్నలు

1. దూరపు మెరుపు ఉరుము వినబడకపోయినను, రేడియోలో దాని చప్పుడు వినబడుటకు కారణమేమి?
2. ఆకాశవాణి తరంగమును వేణువుతోను, మెరుపును కూలిన పాత్రలతోను పోల్చుటలోని భావమును వివరింపుడు.
3. పొపోవ్ పరికరము ఎట్లు పనిచేసెను? దానిలో సుత్తి చేసిన రెండు పనులేవి?
4. మూడవ విధమైన ధ్వని సూర్యునిది కాదని జాన్‌స్కీ ఎట్లు తెలిసికొనెను?
5. మెరిసిన తరువాత 12 సెకనులకు ఉరిమినది. మెరుపు ఎంత దూరమున ఉన్నది? అప్పుడు పొలములో నున్నవారు ఏమి చేయవలయును?